సర్వరు గారికి సుస్తీ

"సర్వరు పడిపోయాడటండీ!" అంటూ మా ఆవిడ వంటింట్లోంచి హడావుడిగా వచ్చింది. ఒక చేతిలో ఫోను, రెండో చేతినిండా దోసెల పిండి.

"ఎవరు? ఎక్కడ?" అన్నాను పేపరు మడిచి.

"తమ్ముడి కొట్లో. పొద్దున్నే పడిపోయాడట, ఎంత లేపినా లేవటం లేదట. మిమ్మల్ని వెంటనే రమ్మంటున్నాడు. పాపం, ఏ తల్లి కన్న బిడ్డో!"

మా ఆవిడ పొరపాటు పడిందని నవ్వకండి. మా తరం వాళ్లకి సర్వరంటే కాఫీ హోటల్లో భుజాన తువ్వాలు వేసుకుని, ఒక చేతిమీద నాలుగు ప్లేట్లు పేర్చుకుని, "రెండిడ్లీ, ఒక వడా, మూడు కాఫీ!" అని కేకపెట్టే మనిషే. బెజవాడ వెళ్లినప్పుడల్లా మా నాన్నగారు నన్ను అలాంటి హోటలుకి తీసుకువెళ్లేవారు. ఈ కొత్త సర్వరుకి తువ్వాలూ లేదు, కేకా లేదు. లోపలి గదిలో బల్లకింద కూర్చుని గురకపెడుతూ వుంటుంది.

మాది పమిడిముక్కల. ముప్పైరెండేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా బావమరిదికి ఎరువుల కొట్టు వుంది. సాయంకాలాలు అక్కడికి వెళ్లి ఖాతాలు చూసి వస్తాను. జీతం లేదు, కాఫీ వుంది. ఆ సోమవారం మాత్రం కాఫీ తాగకుండానే చెప్పులు తొడుక్కున్నాను.

అది నిరుడు ఖరీఫులో, వరి పిలకలు తొడిగే రోజులు. నేను వెళ్లేసరికి కొట్టు ముందు పాతికమంది రైతులు నిలబడి వున్నారు. కౌంటరులో కుర్రవాడు ఒకటే మంత్రం జపిస్తున్నాడు: "సర్వర్ డౌన్ అండీ, సర్వర్ డౌన్."

ఈ మంత్రం ఇప్పుడు మన వూళ్లల్లో అందరికీ వచ్చు. రేషను షాపులో విన్నాం, బ్యాంకులో విన్నాం. ఎరువుల కొట్లకయితే ఇది మరీ దగ్గర చుట్టం. రైతు వేలిముద్ర వేసి యూరియా బస్తా తీసుకునే యంత్రం 2016లో దేశంలో మొట్టమొదట ప్రయోగించిన జిల్లాల్లో మన కృష్ణా ఒకటి. 2018 మార్చి నాటికి అది దేశమంతా వ్యాపించింది. కనక ప్రతి ఎరువుల కొట్టుకీ ఇద్దరు సర్వర్లు. ఎక్కడో దూరాన వున్న పై సర్వరు ఒకటి, ఖాతాలు రాసుకునే మన ఇంటి సర్వరు ఒకటి. పై సర్వరు పడుకుంటే మనం చెయ్యగలిగింది లేదు. మన ఇంటిది పడుకుంటే మనదే పూచీ. ముందుగా తేల్చుకోవలసింది పడుకున్నది ఎవరని. వేలిముద్ర యంత్రం ఆ రోజు నిక్షేపంగా పని చేస్తూనే వుంది. పడుకున్నది మనదే.

అసలు ఈ సర్వరంటే ఏమిటి? ఆ పేరు పెట్టినవాళ్లు తప్పు పెట్టలేదు. హోటలు సర్వరు చేసే పనే ఇదీ చేస్తుంది. బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు అడుగుతారు, అతను లోపలికి వెళ్లి తెచ్చి ఇస్తాడు. మా కొట్లో అలాంటి బల్లలు మూడు. ముందు రెండు కౌంటర్లు, వెనక గోడౌనులో ఒకటి. "ఫలానా రైతు బాకీ ఎంత?" అని కౌంటరు కంప్యూటరు అడిగితే లోపలి గదిలోని పెట్టె చిట్టా తీసి జవాబు చెబుతుంది.

కాఫీ ఆలస్యమైతే మనం వెంటనే "సర్వరు చచ్చాడు" అంటామా? అనం. అతనికి నిజంగానే జ్వరం వచ్చి వుండవచ్చు. నలభై బల్లలకి ఒక్కడే తిరుగుతూ వుండవచ్చు. వంటింటి దారికి ఎవరో బస్తాలు అడ్డం పెట్టి వుండవచ్చు. రెండు బల్లలకి ఒకే నంబరు పడి మన కాఫీ పక్కవాడి దగ్గరకి పోయి వుండవచ్చు. వంటింట్లో గిన్నె పెట్టడానికి చోటులేక పని ఆగి వుండవచ్చు. లేదా పాత బాకీ తీర్చలేదని యజమాని "వాళ్లకి ఇవ్వకు" అని వుండవచ్చు. కంప్యూటరు లోకంలో కూడా సరిగ్గా ఈ ఆరు జబ్బులే వున్నాయి. చిక్కేమిటంటే ఆరింటికీ పైకి కనిపించే లక్షణం ఒకటే: కాఫీ రాదు.

మరి జబ్బు పోల్చడం ఎలా? డెల్టాలో పుట్టినవాళ్లకి ఈ విద్య కొత్తగా నేర్పనక్కర లేదు. శివారు పొలానికి నీరు రాలేదనుకోండి. రైతు తిన్నగా ప్రకాశం బారేజీకి పరుగెత్తుతాడా? ముందు తన బోదెలో గడ్డీ గాదం అడ్డంపడిందేమో చూస్తాడు. పక్క చేలోకి నీరు వస్తోందా అని చూస్తాడు. పక్కవాడికి వస్తూ తనకి రాకపోతే లోపం తన బోదెలోనే వున్నట్టు. ఇద్దరికీ రాకపోతే తూము దగ్గరకి వెడతాడు. తూముకీ రాకపోతే లాకుల దాకా వెడతాడు. మా పక్కనే వీరంకిలాకు వుంది, పేరులోనే లాకు. 1855లో ఆనకట్ట పూర్తయినప్పటినుంచి మన తాత ముత్తాతలు నీటి జబ్బుల్ని ఈ వరసలోనే పట్టుకుంటున్నారు. 1957లో ఆనకట్ట స్థానంలో బారేజీ వచ్చింది కాని వరస మారలేదు. దగ్గరనుంచి దూరానికి, ఒక్కొక్క మెట్టే.

కంప్యూటరుకీ అదే వరస. మొదటి ప్రశ్న: ఒక్క కౌంటరుకేనా, అన్నిటికీనా? ఒక్కదానికే అయితే లోపం ఆ కౌంటరులోనో దాని తీగెలోనో వుంది. సర్వరు జోలికి పోనక్కర లేదు. రెండో ప్రశ్న: తీగెలన్నీ కలిసే చిన్న పెట్టెలో, దాన్ని స్విచ్చి అంటారు, దీపాలు మినుకుమంటున్నాయా? మూడో ప్రశ్న: "పింగ్" అనే ఆజ్ఞ ఇస్తే సర్వరు పలుకుతోందా? ఇది తలుపు తట్టి "వున్నారా?" అని అడగడం లాంటిది. "వున్నాను" అని పలికి, చిట్టా మాత్రం తియ్యకపోతే మనిషి బతికే వున్నాడు, చెయ్యి ఆడటం లేదన్నమాట. నాలుగో ప్రశ్న, అన్నిటికన్నా ముఖ్యమైనది: చివరగా ఏం మార్చారు?

ఈ నాలుగో ప్రశ్నకి అందరూ "ఏమీ మార్చలేదండీ" అనే అంటారు. నమ్మకండి. 2024 జూలై 19న ప్రపంచమంతటా విమానాలూ ఆసుపత్రులూ బ్యాంకులూ ఒక్కసారి స్తంభించిపోయాయి. శత్రువులెవరూ చెయ్యలేదు. క్రౌడ్‌స్ట్రయిక్ అనే రక్షణ సంస్థ తన ఖాతాదారులకి పంపిన ఒక చిన్న మార్పులో తప్పు దొర్లింది, అంతే. సుమారు 85 లక్షల కంప్యూటర్లు పడిపోయాయని మైక్రోసాఫ్టు లెక్కకట్టింది. వాటిలో చాలావాటిని మనుషులు ఒక్కొక్కదాని దగ్గరకీ వెళ్లి చేత్తో బాగుచెయ్యవలసి వచ్చింది.

మా కొట్టు ఇంతకుముందు పడ్డ జబ్బులు కొన్ని చెబుతాను. మీకూ పనికి రావచ్చు.

ఒకసారి గోడౌను కౌంటరుకి మాత్రం జవాబు రావడం మానేసింది. తీగె వెంట నడుచుకుంటూ వెడితే బస్తాల వెనక పందికొక్కు పళ్ల గుర్తులు. తీగెని గట్టి గొట్టంలో పెట్టించాం. మళ్లీ ఆ బాధ లేదు.

ఇంకోసారి జవాబు వస్తూ పోతూ వుండేది. రెండు రోజులు తల పట్టుకున్నాక తేలిందేమిటంటే, మా మేనల్లుడు ముచ్చటపడి కొత్త ప్రింటరు తగిలించాడు. దాని నంబరూ సర్వరు నంబరూ ఒకటే అయింది. ఒకే డోరు నంబరుతో రెండిళ్లుంటే పోస్టుమాను ఏం చేస్తాడు? ఉత్తరం ఒకరోజు వీళ్లకీ ఒకరోజు వాళ్లకీ ఇస్తాడు. ప్రింటరుకి వేరే నంబరిచ్చి, అప్పటినుంచి ఏ యంత్రానికి ఏ నంబరో కాగితంమీద రాసి గోడకి అంటించాం.

మూడోసారి బిల్లు కొడితే చెల్లదంది. సర్వరు లోపల ఖాళీ చోటు పూర్తిగా అయిపోయింది. ఈ పెట్టెలు తాము చేసిన ప్రతి పనీ దినచర్యలాగా రాసుకుంటూ పోతాయి. ఎవరూ చెరపకపోతే ఆ రాతే ఇల్లంతా నిండుతుంది. గాదె నిండా పాత పొట్టు వుంటే కొత్త ధాన్యం ఎక్కడ పోస్తాం? అయిదో వంతయినా ఎప్పుడూ ఖాళీగా వుండాలని నియమం పెట్టుకున్నాం.

నాలుగోసారి కంప్యూటరు జి.ఎస్.టి. సైటుని చూసి "నిన్ను నమ్మను పొమ్మ"ని మొండికేసింది. చూస్తే కంప్యూటరు గడియారం ఎన్నో ఏళ్ల వెనక్కి పోయి కూర్చుంది. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి వుంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది చచ్చింది. ఈ రోజుల్లో కంప్యూటరు తన తారీఖు చూసుకుని గాని సైట్ల గుర్తింపు పత్రాలు చెల్లుతాయో లేదో తేల్చుకోదు. తారీఖు తప్పయితే అన్నీ దొంగ పత్రాల్లాగే కనిపిస్తాయి. కొద్ది రూపాయల బిళ్లతో జబ్బు కుదిరింది.

ఒక్కొక్కప్పుడు జబ్బు మనది కాదు, రద్దీది. 2018 ఫిబ్రవరి 1న సరుకు రవాణాకి ఈ-వే బిల్లు దేశమంతటా మొదలుపెట్టారు. మొదటిరోజే వచ్చిన తాకిడికి ఆ సైటు నిలబడలేక చతికిలబడింది. దాన్ని వాయిదా వేసి, రాష్ట్రాల మధ్య రవాణాకి ఏప్రిల్ 1న మళ్లీ మొదలుపెట్టారు. అలాంటి సమయంలో పదే పదే మీట నొక్కితే లాకు దగ్గర పడవల వరస ఇంకా పెరుగుతుందే గాని గేటు ముందుగా తెరుచుకోదు. కాసేపు ఆగి, రద్దీ లేని వేళ చూసుకోవడమే మందు.

ఇన్ని జబ్బులు చూసినవాణ్ణి కదా అని ఆ సోమవారం ధీమాగానే లోపలి గదిలోకి అడుగుపెట్టాను. మూడు కౌంటర్లకీ జవాబు లేదు. స్విచ్చి దీపాలు వెలుగుతున్నాయి. పింగ్ చేస్తే పలకలేదు. తలుపు తట్టినా "వున్నాను" అనలేదంటే ఈసారి సర్వరుకి నిజంగానే జ్వరం.

"ఏం జరిగిందోయ్?" అన్నాను కుర్రవాణ్ణి.

"రాత్రి గాలీ వానా వచ్చి కరెంటు పోయిందండి. పొద్దున వచ్చేసరికి ఆగిపోయి వుంది. నాలుగైదుసార్లు ఆపి వేశానండి."

"వేసినప్పుడు తెరమీద ఏమని వచ్చింది?"

"ఏదో వచ్చిందండి. చదవలేదు."

ఇక్కడొక మాట. ఆపి మళ్లీ వెయ్యడం చాలాసార్లు పని చేసే మందే, కాదనను. కాని ముందు తెరమీది మాట కాగితంమీద రాసుకోవాలి, లేదా ఫోనుతో ఫోటో తీసుకోవాలి. రోగి చెప్పేది వినకుండా నాలుగుసార్లు సూది పొడిచే డాక్టరు దగ్గరకి మనం వెడతామా?

వుయ్యూరునుంచి మెకానిక్కు వచ్చి పెట్టె విప్పాడు. మొదట బ్యాటరీ పెట్టె చూశాడు. కరెంటు పోయినప్పుడు సర్వరుని కాసేపు నిలబెట్టి, పద్ధతిగా పడుకోబెట్టేదాన్ని యూ.పి.యస్. అంటారు. దాని బ్యాటరీలు నాలుగేళ్ల పాతవి. మన ఎండలకి అవి మూడేళ్లు నిలవడమే గొప్ప. కరెంటు పోయిన క్షణానే అదీ పోయింది. రాస్తూ రాస్తూ వున్న చేతిలోంచి కలం లాగేసినట్టు సర్వరు చప్పున ఆరిపోయింది.

తరవాత డిస్కులు చూశాడు. మా పెట్టెలో అవి రెండు. ఒకదానిలో రాసింది రెండోదానిలోనూ అదే క్షణంలో పడుతుంది. ఒకటి పోతే రెండోది ఆదుకుంటుందని ధైర్యం. మెకానిక్కు తల గోక్కుని, "మేష్టారూ, ఇందులో ఒకటి ఇవాళ పోయింది కాదండి. ఎన్నాళ్లనుంచో పోయి వుంది. పసుపు దీపం వెలుగుతూ వుండాలే, చూడలేదా?" అన్నాడు.

చూడలేదు. ఆ దీపానికి సరిగ్గా అడ్డంగా ఎరువుల కంపెనీ ఇచ్చిన క్యాలెండరు తగిలించాం.

రాత్రి రెండోది కూడా పోయింది. పెట్టెలో మా కొట్టు ఖాతాలంటూ ఇక ఏమీ మిగలలేదు.

"పోనిస్తురూ! ప్రతి శనివారం బావగారు నకలు డిస్కు మారుస్తున్నారుగా" అన్నాడు మా బావమరిది. నేను కూడా గర్వంగా తలాడించాను. అది నా పని. నకలు తీసే చిన్న డిస్కులు రెండున్నాయి. శనివారం శనివారం ఒకటి తీసి ఇంటికి పట్టుకెళ్లి, రెండోది తగిలించి వచ్చేవాణ్ణి. ఒక్క వారం తప్పలేదు.

మెకానిక్కు రెండు డిస్కులూ పెట్టి చూసి నెమ్మదిగా అన్నాడు: "ఆఖరు నకలు నలభై రోజుల కిందటిదండి."

డిస్కులు నిండిపోయాయి. నిండిన దగ్గరనుంచి సర్వరు ప్రతి రాత్రీ నకలు తియ్యబోవడం, చోటు చాలక మానుకోవడం. మానుకున్నప్పుడల్లా "ఇవాళ నకలు తియ్యలేకపోయాను" అని ఈ-మెయిలు పంపుతూనే వుంది. ఆ ఉత్తరాలు పోయేది మా దగ్గర లోగడ పనిచేసి హైదరాబాదు వెళ్లిపోయిన ఒక అబ్బాయి చిరునామాకి. నలభై రోజులు అది మొరపెట్టుకుంది. వినే దిక్కు లేదు. నేను మాత్రం వారం వారం ఆ డిస్కుని సంచీలో పెట్టుకుని, దేవుడి పల్లకీ మోసినంత భక్తిగా ఇంటికి మోశాను. ఒక్కసారి విప్పి చూడలేదు.

పెద్ద పెద్దవాళ్లూ ఈ గోతిలో పడ్డారని తరవాత చదివాను. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే ప్రఖ్యాత సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు ఖాతానే చెరిపేశాడు. నకళ్లకోసం వెతికితే రోజూ తీస్తున్నామనుకున్న నకలు చాలాకాలంగా తియ్యబడటమే లేదట. తప్పిపోయిందని హెచ్చరించే ఈ-మెయిళ్లు కూడా చేరవలసిన చోటికి చేరలేదట. చివరికి అదృష్టవశాత్తూ వేరే పనికి తీసిన నకలు ఒకటి దొరికి, ఆరుగంటల సమాచారం మాత్రం పోగొట్టుకుని బయటపడ్డారు. చదివి కొంచెం ఊరట కలిగింది. కాని ఆ రోజు నాకు వూరట లేదు.

మధ్యాహ్నానికి పాత నకలు కొత్త పెట్టెలోకి ఎక్కింది. కౌంటర్లు తెరుచుకున్నాయి. మొదట వచ్చినాయన ఒక పెద్ద కౌలు రైతు. మూడెకరాలు కౌలుకి చేస్తాడు. రెండో దఫా ఎరువు అరువు తీసుకోవాలి. పిలకల వేళ దాటితే వేసినా వృథా.

కుర్రవాడు తెర చూసి, "పాత బాకీ 38,400 వుందండి. అది కడితేగాని అరువు లేదండి" అన్నాడు.

"అది మొన్న శనివారమే కట్టేశాను గదయ్యా!"

"రసీదు?"

"ఆ రోజు మీ మిషను కాగితం లేదన్నారు. కంప్యూటర్లో వేశాంలే బాబాయ్, ఏం భయం లేదన్నారు."

మా బావమరిది లోపలినుంచి వచ్చాడు. చెడ్డవాడు కాదు. కాని అతనికీ కంపెనీల బాకీలున్నాయి. "బాబాయ్, కంప్యూటర్లో లేదు మరి. నేనేం చెయ్యను?" అన్నాడు.

ఆ పెద్దాయన కోప్పడలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, "నేనిచ్చాను బాబూ. మీ పెట్టె మరిచిపోతే నేను మళ్లీ ఇవ్వాలా?" అన్నాడు.

ముప్పైరెండేళ్లు పిల్లల్ని "జవాబు చెప్పు" అని నిలబెట్టినవాణ్ణి. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. బావమరిదిని లోపలికి పిలిచి చెప్పాను. "తప్పు పెట్టెది కాదోయ్, నాది. నకలు డిస్కు నేను చూసుకోవలసింది. ముందు ఆయన ఎరువు ఆయనకియ్యి. ఆ డబ్బు తేలకపోతే నా పెన్షనులో పట్టుకో."

అతను ఒక నిమిషం నా మొహంలోకి చూశాడు. "పెన్షను మాటెందుకు లెండి బావగారూ" అని బయటికి వెళ్లి గోడౌను తాళాలు ఇచ్చాడు.

కాని అలాంటివాళ్లు ఎందరో! నలభై రోజుల్లో నగదు కట్టినవాళ్లందరిదీ అదే గతి. ఫోనులో పంపినవాళ్లవి బ్యాంకు పట్టీలో దొరికాయి. నగదు ఇచ్చినవాళ్లకి నోటిమాటే సాక్ష్యం. కొట్టు ముందు బోర్డు పెట్టాం: "మా తప్పువల్ల నలభై రోజుల లెక్క పోయింది. కట్టినవారు వచ్చి చెప్పగోరుతాం." మా బావమరిది స్నేహితుడొకడు నవ్వాడు. "ఇంకేముంది, వూరంతా కట్టేశామంటారు."

నేను లెక్కల మేష్టార్ని. నోటిమాటని కూడా లెక్కతో సరిచూడవచ్చునని నాకొక నమ్మకం. వారం రోజులు రాత్రిళ్లు కూర్చున్నాను. నలభై రోజుల కిందటి సరుకు నిల్వకి, కంపెనీలనుంచి వచ్చిన సరుకు కలిపి, ఇవాళ గోడౌనులో వున్నది తీసేస్తే మొత్తం అమ్మకం తేలింది. యూరియా అమ్మకం వేలిముద్ర యంత్రం లెక్కతో సరిపోయింది. అరువు సరుకు రైతు సంతకం చేసిన చీటీ లేనిదే గోడౌను దాటదు. ఆ చీటీలన్నీ ఇనుప చువ్వకి గుచ్చి వున్నాయి. మొత్తం అమ్మకంలోంచి అరువూ, ఫోను చెల్లింపులూ తీసేస్తే నగదు అమ్మకం. బ్యాంకులో వేసిన నగదులోంచి దాన్ని తీసేస్తే మిగిలేది రైతులు బాకీకింద కట్టిన నగదు. ఆరు లక్షల పద్ధెనిమిదివేల రెండు వందలు వచ్చింది.

ఇక రైతులు వచ్చి చెప్పినది కూడాను. అరవైయొక్క మంది వచ్చారు. ఒకాయన "నాది పదివేలనుకున్నా, మా ఆవిడ తొమ్మిదే అంటోంది, తొమ్మిదే రాసుకోండి" అని దిద్దించుకుని కూడా వెళ్లాడు. మొత్తం ఆరు లక్షల పదిహేడువేల యాభై.

రెండుసార్లు కూడాను. అంతే వచ్చింది. కట్టామని చెప్పినదానికంటె పెట్టెలోకి వచ్చిన డబ్బే 1,150 రూపాయలు ఎక్కువ. అంటే కట్టనివాడెవడూ కట్టానని చెప్పలేదు. పైపెచ్చు ఎవరో కట్టి కూడా వచ్చి అడగలేదు. ఆ కాగితం మా బావమరిది చేతిలో పెట్టాను. చాలాసేపు చూసి, "అక్కయ్యకి చెప్పకండి బావగారూ, బాబాయిని ఆ రోజు ఎరువు ఇవ్వనన్నానని" అన్నాడు. నేను చెప్పలేదు. ఇప్పుడిది అచ్చులో చదివితే మాత్రం నా పూచీ లేదు.

తరవాత మేము చేసుకున్న ఏర్పాట్లు ఇవి. వ్యాపారం చిన్నదయినా, ట్యుటోరియల్ అయినా, ఆసుపత్రి అయినా పనికివస్తాయి.

నకళ్లు మూడు చోట్ల వుంచుతున్నాం. ఒకటి కొట్లో. ఒకటి మా ఇంట్లో మేడమీద, తీగె తగిలించకుండా విడిగా. మూడోది దూరాన అద్దెకి తీసుకున్న సర్వరులో, తాళం వేసి. విడిగా ఎందుకంటే, కంప్యూటర్లని పట్టి డబ్బు గుంజే దొంగ వైరసులు తగిలించి వున్న నకలుని కూడా పాడుచేస్తాయి. దూరాన ఎందుకంటే, ఒకే కప్పు కింద వున్నవన్నీ ఒకేసారి పోతాయి. 2021 మార్చి 10న ఫ్రాన్సులో స్ట్రాస్‌బూర్గ్ నగరంలో ఓవీహెచ్ అనే సంస్థ సర్వర్ల భవనం తగలబడింది. నకళ్లు కూడా అక్కడే దాచుకున్న కొందరికి రెండూ పోయాయి. మనకి నిప్పుకంటె నీటి భయం ఎక్కువ. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన మనం మరిచేది కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. అదే రోజుల్లో బుడమేరు బెజవాడ పేటల్ని ముంచింది. అప్పటినుంచి మా సర్వరు నేలమీద కూర్చోవడం మానేసి, నడుమెత్తు అరుగెక్కింది.

నెలకోసారి నకలునుంచి ఒక ఖాతా తీసి, చదివి చూస్తాం. చదవని నకలు నకలు కాదని నలభై రోజుల ఖరీదు పెట్టి నేర్చుకున్నాను. హెచ్చరిక ఉత్తరాలు ఇప్పుడు ముగ్గురికి పోతున్నాయి. బ్యాటరీల మీద కొన్న తేదీ రాశాం. ఎరువు దుమ్ము చెమ్మ పీల్చి లోహాన్ని తినేస్తుంది గనక నెలకోసారి పెట్టె తుడిపిస్తున్నాం. మెకానిక్కు నంబరు, యంత్రాల నంబర్లు కాగితంమీద రాసి గోడకి అంటించాం. కాగితమెందుకని అడగకండి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్కు సుమారు ఆరుగంటలు మాయమైనప్పుడు, బాగుచెయ్యడానికి వాళ్ల ఇంజనీర్లు వాడే పరికరాలు కూడా దాంతోపాటే పడిపోయాయి. మందులపెట్టె తాళంచెవి మందులపెట్టెలోనే పెట్టుకోకూడదు.

అన్నిటికీ మించి, నగదు ఇచ్చిన రైతుకి చేతిరాత రసీదు ఇవ్వకుండా పంపడం లేదు. కంప్యూటరు బాగున్నా సరే.

ఆ 1,150 రూపాయలు ఎవరివో ఇంతవరకూ తెలియలేదు. అనామతు ఖాతాలో వేసి వుంచాం. మీరెవరైనా అయితే వచ్చి అడగండి.

ఆ సోమవారం రాత్రి ఇంటికి చేరేసరికి పదయింది. మా ఆవిడ ఫలహారం పెడుతూ ఆదుర్దాగా అడిగింది: "ఇంతకీ ఆ అబ్బాయికి ఎలా వుందండీ?"

"పోయాడే" అన్నాను.

"అయ్యయ్యో! ఏం జబ్బట?"

"చాలాకాలంగా వున్నదేనట. మేమే చూసుకోలేదు" అన్నాను, కంచం ముందుకు లాక్కుంటూ.